ఎర్రతోకా, పసిరికా

తాకేటా,
మార్చి 19, 2021.

సయా గారికి,

వీధంతా మిమ్మల్ని అలాగే పిలుస్తుంది కనక నేనూ ఈవేళ అలాగే పిలుస్తున్నాను. వాళ్ళకి మీరు పంతులు. నాకు మీరు ఏమవుతారో ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి తేల్చుకుంటాను.

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం కుండలమ్మే కన్నారావు తెచ్చి ఇచ్చాడు. ట్వంటే నుంచి పడవలో సేక్కాన్ రేవుకి వచ్చిన కుండల్లో మూడో కుండ అడుగున, గడ్డి కింద పెట్టి తెచ్చాడు. వంతెన దగ్గర ఆపి ఫోను చూశారట, చొక్కా జేబులు చూశారట, కుండల్లో మాత్రం చెయ్యి పెట్టలేదట. ప్రాణానికి తెగించి తెచ్చిన ఉత్తరం కదా అని చేతులు కడుక్కుని, దేవుడి పటం ముందు ఒక్క నిమిషం నిలబడి విప్పాను. నాలుగు పేజీలు. నాలుగు పేజీలూ పాముల గురించి.

మిలటరీవాళ్ళు రాజ్యం లాక్కున్నాక, బడికి వెళ్ళం అని పంతుళ్ళంతా సమ్మె కట్టినప్పుడు మీరు ముందు వరసలో నిలబడ్డారు. వార్డు ఆఫీసరు పేర్ల జాబితాతో మన సందులోకి వచ్చిన రోజు పెరటి గోడ దూకి వెళ్ళిపోయారు. పన్నెండు రోజులైంది. ఇంటర్నెట్ లేదు. ఫోనులో మాట్లాడొద్దని మీరే అన్నారు. రోజూ రాత్రి ఎనిమిదికి వీధి వీధంతా దయ్యాన్ని తరిమినట్టు గిన్నెలు కొడుతుంటే, నేను వడలు వేసే మూకుడు తెచ్చి కొడుతున్నాను. దాని అంచు సొట్టలు పోయింది. పదమూడేళ్ళ పిల్ల, సిరి, రోజుకి నాలుగు మాటలు కూడా మాట్లాడటం లేదు. మీరేమో పెట్టెలో రెండు పూటలా నీళ్ళు చిలకరించమని రాశారు. చివర్లో ఒక్క వాక్యం, మీరంతా క్షేమమని తలుస్తాను అని. తలవండి. తలవడానికి ఖర్చేముంది.

సరే, పాముల సంగతే మాట్లాడుకుందాం. మీరు వెళ్ళేముందు వెనక వరండాలో దోమతెర కొట్టిన చెక్కపెట్టెలో, బడిపిల్లలకి చూపించడానికి తెచ్చిన రెండింటిని వదిలి వెళ్ళారు. రెండూ చెట్టుపాములే, రెండూ పచ్చనివే. పసిరిక నా చిటికెన వేలంత లావు, ముక్కు ఆకు మొనలాగ ఉంటుంది, గాలి లేకపోయినా తీగలాగ ఊగుతుంది. మూతి ముందు బల్లి కదిలితేనే తింటుంది. పెట్టెలో ఎక్కువ కాలం బతకదు అని మీరే రాశారు. రెండోది నా చెయ్యంత పొడవు కాదు, నా చీర కుచ్చిళ్ళంత పొడవు. ఒళ్ళంతా లేత పచ్చ, తోక మాత్రం ఇటుక రంగు. కోపమొస్తే మెడ ఉబ్బిస్తుంది. విషం లేదు. కానీ ఇక్కడ పచ్చపాముకి ఎర్రతోక ఉందంటే అది మనిషిని చంపే రకమని బర్మావాళ్ళూ మనవాళ్ళూ కూడా కర్ర తీస్తారు, ఆ తోకే దాని కొంప ముంచుతోంది అని రాశారు. పది రోజులకి ఒక ఎలుక చాలట. రెండింటినీ మేపడం కష్టం కనక ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని వదిలెయ్, ఏది ఉంచాలో నీ ఇష్టం అన్నారు.

నీ ఇష్టం. ఈ రెండు మాటలూ చదవగానే నాకు ఒళ్ళు మండింది. మీకు తెలియదా ఈ ఇంట్లో పసిరిక అంటే ఏమిటో? పెట్టెకి దూరంగా, మంచం మీద కూచునే మీ అమ్మగారు అప్పుడే తీర్పు చెప్పేశారు.

"ఏటే, పసిరికని ఒగ్గీకు. మన సిరి పెద్దమనిసి అయ్యేలోపు మూడుసార్లు దూయించాల. పసిరికని దూసిన సేతికే రుచి వత్తాది. నీకెలాగూ నేకపోనాది, దానికైనా రానీ."

నాకు ఎలాగూ లేకపోయింది. వింటున్నారా? పదహారేళ్ళు ఈ మాట విన్నాను. పెళ్ళయిన మూడో రోజు, కొత్తకోడలు పొయ్యి ముట్టుకునే ముందు పసిరికని తల నుంచి తోక దాకా మూడుసార్లు నిమరాలి అన్నారు. మీ తాతలు శ్రీకాకుళం నుంచి ఓడెక్కినప్పుడు తెచ్చుకున్న ఆచారమట. పాములు పట్టే ముసలాయన్ని పిలిచి కుండలో తెప్పించారు. కుండ మూత తియ్యగానే నేను వెనక్కి గెంతి పరమాన్నం గిన్నె తన్నేశాను. పాలన్నీ గది నిండా. చుట్టాలంతా నోళ్ళు నొక్కుకున్నారు. అప్పుడు గుమ్మంలో నిలబడి మీరు నవ్వారు. పగలబడి, గోడ పట్టుకుని నవ్వారు. నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ ఇంట్లో నాకు తెలిసిన మొహం మీదొక్కటే. ఈ సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఆ నవ్వు నాలో ఇంకా చేపముల్లులాగ గుచ్చుకునే ఉంది.

ఆ రోజు నుంచి చారు పెడితే చెయ్యి తీపి లేదు, పులుసు పెడితే చెయ్యి తిరగలేదు. సందు మొగలో నా వడల కోసం పొద్దున్న ఆరింటికే బర్మావాళ్ళు వరస కడతారు. తాకేటాలో సగం మంది మా మణి వడ అంటే లొట్టలు వేస్తారు. మీ అమ్మగారు రోజుకి నాలుగు వడలు తిని, మూతి తుడుచుకుని, "ఏటో, సెయ్యి దుయ్యనేదు గదా" అంటారు. మీరు పక్కన కూచుని పేపరు చదువుతారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "బాగుంది కదమ్మా" అన్నారా? నేను అడిగితే, కరవమంటే కప్పకి కోపం విడవమంటే పాముకి కోపం అన్నారు. అందులో కప్ప ఎవరో పాము ఎవరో కూడా చెప్పలేదు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అని మగవాళ్ళని అంటారు. మీరు దాన్ని తిరగేశారు. తుపాకులకి ఎదురు నిలబడిన మనిషి వంటగదిలో ఒక్క మాటకి నిలబడలేకపోయాడు. ఇప్పుడు పసిరికో ఎర్రతోకో తేల్చమంటే అదీ నా నెత్తినే పెట్టాడు.

అందుకని తేల్చాను. ఇవాళ పొద్దున్న పెట్టె మూల తెరిచి పసిరికని కట్టెపుల్ల మీద ఎక్కించి పెరట్లో దొండపాదు మీద వదిలేశాను. మీ అమ్మగారు చూస్తుండగా వదిలాను. నా కూతురి చెయ్యి ఎవరి నాలుక కోసమో పాముని దువ్వక్కర్లేదు. ఎర్రతోకని ఉంచాను. తప్పు చెయ్యకుండా మాటపడేది అది, నాకు దాని బాధ తెలుసు.

ఇంకొకటి కూడా తేల్చాను. జూలైలో బస్సులు తిరిగితే సిరిని తీసుకుని మొల్మేన్‌లో మా అన్న ఇంటికి వెళ్ళిపోతాను. మళ్ళీ వస్తానో రానో అడక్కండి. అడిగినా మీరనేది నాకు తెలుసు.

మీ పాముల కాపరి,
మణిమాల.


తాకేటా,
మే 23.

సత్తిరాజు గారికి,

మీ జవాబు అందింది. ఎనిమిది వరసలు. మొల్మేన్ సంగతి "నీ ఇష్టమే నా ఇష్టం" అన్నారు. ఎర్రతోకని ఉంచడం మంచి పని అన్నారు, పసిరికని ఉంచినా మంచిపనే అయ్యేదట. నవ్వు సంగతి "అది వేరే విషయం, కలిసినప్పుడు చెబుతాను" అన్నారు. పదహారేళ్ళు ఒక మంచం మీద పడుకున్నాం. ఇంకా కలవలేదా మనం?

ఇది చదివాక మీరు బాధపడతారు. పడండి. ఎర్రతోక లేదు.

అసలు నాకు దానితో చనువు ఏర్పడుతుందని నేనే అనుకోలేదు. మొదటి పది రోజులూ పెట్టె వైపు చూడకుండా నీళ్ళు చిలకరించాను. తరవాత శనగపిండి డబ్బాలో ఎలుక పడితే తోక పట్టుకుని తీసుకెళ్ళి లోపల వేశాను. అది తొందరపడలేదు. నీలం నాలుక బయటికి తీసి, వాసన చూసి, కొమ్మ మీంచి మెల్లిగా దిగి, ఒక్కసారి చుట్టుకుంది. తిన్నాక తల పక్కకి తిప్పి మళ్ళీ కొమ్మెక్కి కూచుంది. పెట్టింది తిని వంక పెట్టనిది ఈ ఇంట్లో అదొక్కటే అనుకున్నాను. సిరి దానికి సయామజీ అని పేరు పెట్టింది, అంటే హెడ్మిస్ట్రెస్ అని. బడి లేని పిల్ల పొద్దున్నే పుస్తకాలు తీసుకుని పెట్టె ముందు కూచునేది. దానికి లెక్కలు వినిపించేది. రెండు నెలల తరవాత పిల్ల గొంతు విన్నాను, అదీ పాముకి చెబుతుంటే.

బుధవారం పొద్దున్న పదింటికి ఆరుగురు మిలటరీవాళ్ళు, వెనక వార్డు ఆఫీసరు వచ్చారు. మీ కోసం. మంచాల కింద, బియ్యం డ్రమ్ములో, అటక మీద వెతికారు. మీ పుస్తకాలు కింద పడేసి తొక్కారు. వాళ్ళలో ఒకడికి ఇంకా మీసం సరిగ్గా రాలేదు. మీ దగ్గర పదో తరగతి చదివే పిల్లల ఈడే. వాడు వరండాలోకి వెళ్ళి ఒక్క కేక పెట్టాడు. పచ్చపాము, ఎర్రతోక అని. అందరూ పరిగెత్తారు.

నేను అడ్డంగా నిలబడ్డాను. దానికి విషం లేదని బర్మా భాషలో మూడుసార్లు చెప్పాను. నీకెలా తెలుసు, ఎవరు చెప్పారు అని ఆఫీసరు అడిగాడు. నా నోట్లోకి వచ్చేసింది, మా ఆయన పంతులు, ఆయన చెప్పారు అని. మింగేశాను. మిమ్మల్ని ఆరు నెలలుగా చూడలేదని, నన్ను వదిలేసి పోయారని అంతకుముందే వాళ్ళకి అబద్ధం చెప్పాను. ఇంక ఏ మొహంతో మీ మాట సాక్ష్యం తెచ్చుకోను? నేను మాట్లాడకుండా నిలబడ్డ ఆ కాస్తసేపట్లో వాళ్ళు తెర చింపారు. అది మీరు రాసినట్టే మెడ ఉబ్బించింది. తుపాకీ మడమతో కొట్టారు. తొమ్మిది దెబ్బలు. నేను లెక్కపెట్టలేదు, సిరి లెక్కపెట్టింది. మొదటి దెబ్బకే చచ్చిపోయింది అమ్మా, మిగతా ఎనిమిదీ ఎందుకు అని అడిగింది.

కొట్టి, ఆఫీసరు నా వైపు తిరిగి, పిల్లలున్న ఇంట్లో ఇలాంటివి పెట్టుకోకూడదమ్మా, మేం వచ్చాం కనక బతికారు అన్నాడు. నిలబడే ఉన్నాడు. నేను కృతజ్ఞత చెప్పేదాకా కదిలేలా లేడు. చెప్పాను. రెండు చేతులూ కట్టుకుని బర్మా భాషలో మర్యాదగా చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నా నోట్లో కుళ్ళుతోంది. పోతూ పోతూ సిరి కోసం దాచిన రేడియో కూడా పట్టుకుపోయారు.

మీ అమ్మగారు అంతవరకు మంచం దిగలేదు. వాళ్ళు గుమ్మం దాటుతుంటే బయటికి వచ్చి తెలుగులో అందుకున్నారు. "మీ సేతులిరిగిపోను. మీ కడుపులు మాడ. నోరు నేని జీవాన్ని సంపినార్రా." వాళ్ళకి అర్థం కాలేదు, ముసలమ్మ దీవిస్తోందనుకుని ఒకడు తల వంచి దండం కూడా పెట్టాడు. ఆ రోజంతటిలో నాకు నచ్చిన సంగతి ఇదొక్కటే. తరవాత ఆవిడే దాన్ని పాత చీరముక్కలో చుట్టి, పసుపు చల్లి, నాగుపాముకి చేసినట్టే పాలు పోసి, రాగిపైసా పెట్టి, దొండపాదు మొదట్లో పాతించారు. పాముని చూస్తే మంచమెక్కే మనిషి, ఆ చీరముక్క మూట మాత్రం తనే ఎత్తారు. నేను ఏడుస్తున్నాను. అప్పుడైనా ఊరుకోవచ్చు కదా.

"పసిరికని ఉంచుంటే ఇలగయ్యేదా? దాన్ని సూసి ఎవలూ కర్రెత్తరు. నా మాట ఇన్నావా?"

ఇదండీ మీ అమ్మగారు. శవం ముందు కూడా గెలుపు కావాలి. ఆ రోజు నుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. అన్నం కంచం పెట్టి వచ్చేస్తున్నాను.

జూలై పదిన మొల్మేన్‌కి బస్సు ఉందట, టికెట్లు చెప్పాను. ఆవిడ రానన్నారు. వెనక సందులో దేముడమ్మ పిన్ని దగ్గర ఉంటారట. ఇంక మీకు అడ్డు పడేవాళ్ళు ఎవరూ ఉండరు, కప్పా ఉండదు, పామూ ఉండదు.

మణిమాల.


తాకేటా,
జూలై 29.

ఏమండీ,

ఈ ఉత్తరంతో పాటు కన్నారావు ఒక కుండ ఇస్తాడు. మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంటుంది. దాన్ని ముందు జాగ్రత్తగా కింద పెట్టండి. ఎత్తుమీద కాదు, నేల మీద. పెట్టి, పక్కన కూచుని, అప్పుడు చదవండి.

జూలై అయిదున మీ అమ్మగారు చారు నోట్లో పెట్టుకుని కంచం తోసేశారు. చప్పగా ఉంది అన్నారు. నెలన్నర తరవాత నాతో అన్న మొదటి మాట అది. నాకు ఎంత కోపం వచ్చిందో మీరు ఊహించలేరు. సాయంత్రం చింతపండు ఎక్కువేసి పులుసు చేశాను. చప్పన. మర్నాడు మిరపకాయలు దట్టించి చేపలకూర చేశాను. చప్పన. "సెయ్యి దుయ్యనేదు, సెయ్యి సచ్చిపోనాది" అన్నారు. నేను మొల్మేన్ వెళ్ళిపోతున్నానని కక్ష కట్టారు అనుకున్నాను. మూడో రోజు చారులో గుప్పెడు ఉప్పు పోశాను, అవునండీ, కావాలనే పోశాను. ఇది కూడా చప్పగా ఉందనండి చూస్తాను అని ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ గ్లాసుడు తాగి, ఇదీ అంతే అన్నారు. సిరి వేలు ముంచి నాకి, ఉమ్మేసింది.

"అమ్మా, ఇది సముద్రం."

అప్పుడు నాకు తెలిసింది. వీధంతా జ్వరాలు, ఇంటింటా దగ్గు, రుచీ వాసనా పోతే అదే రోగమని పసిపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. దేముడమ్మ పిన్నికి వాసన పోతే నేనే కదా చెప్పాను మనుషులకి దూరంగా పడుకోమని. కానీ మన ఇంట్లో చప్పగా ఉంది అంటే అది రోగం కాదు, నా చెయ్యి. పదహారేళ్ళుగా అంతే. ఆవిడ తన నాలుకని అనుమానించలేదు, నేను ఆవిడ ఒంటిని అనుమానించలేదు. మూడు రోజులు పోయాయి. మా ఇద్దరి పంతం తినేసిన మూడు రోజులు. ఈ తప్పు నాది కూడా, దాన్ని ఎవరి మీదా నెట్టను.

చర్చి సందులో హెరాల్డ్ గారు ఆక్సిజన్ కోసం రెండు సిలిండర్లు కారులో వేసుకుని రెండు రోజులు తిరిగారు. నేనొక చోట పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరసలో నిలబడ్డాను. తుపాకులవాళ్ళు వచ్చి ఆస్పత్రులకే తప్ప మనుషులకి అమ్మకూడదు పొండి అన్నారు. ఊపిరికి కూడా అనుమతి కావాలా అని నా ముందున్న ముసలాయన అడిగాడు. ఆస్పత్రుల్లో మంచాలు లేవు, ఉన్నచోట డాక్టర్లు లేరు. మీలాగే వాళ్ళూ సమ్మెలో ఉన్నారు, నేను వాళ్ళని తప్పుపట్టను. తప్పు ఎవరిదో నాకు తెలుసు. మనం నోరు తెరిచి చెప్పకపోయినా అందరికీ తెలుసు. హెరాల్డ్ గారు చివరికి ఎక్కడో అర సిలిండరు సంపాదించారు. అది ఒక పగలు వచ్చింది.

పదో తేదీ బస్సు వెళ్ళిపోయింది. నేను చూడను కూడా లేదు.

పదకొండున మధ్యాహ్నం ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "పసిరికని తే. దుయ్యి. నా నోటికి రుచి వత్తాది" అన్నారు. జ్వరంలో మాట. వర్షం పడుతోంది. నేను గొడుగు లేకుండా దొండపాదు దగ్గరికి వెళ్ళాను. ఉంది. నేను వదిలిందేనో ఇంకొకటో నాకు తెలియదు, తీగల్లో తీగలాగ తల ఎత్తి ఉంది. చెయ్యి చాపాను. తల వెనక నుంచి తోక దాకా నిమిరాను. ఒకసారి, రెండు, మూడు. అది పారిపోలేదు, కరవలేదు. చల్లగా, నున్నగా, ఇస్త్రీ చేసిన పట్టుబట్టలాగ ఉంది. దీని కోసమా పదహారేళ్ళు అనుకుంటూ లోపలికి వచ్చి, దూశాను అత్తా అని చెప్పాను.

ఆవిడ నా మొహం చూశారు. నా అరచెయ్యి తిప్పి చూశారు. ఏడ్చారు.

"నిజంగా దూసినావేటే? నానైతే దుయ్యనేదే. నాకు బయమే. నా పెల్లికి కుండ మూత తీసినాక నాను కల్లు మూసీసుకున్నాను. ఆ పాములోడు నన్ను సూసి జాలిపడి, సెంగు సాటున నా సేతిలో పొట్లకాయ ఎట్టినాడు. దాన్నే మూడుపాల్లు నిమిరినాను. అందరూ బలే కోడలన్నారు. మరి అప్పటినుంచీ..."

ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పారు. మీకు పదేళ్ళప్పుడు ఆ సంగతి మీతో అన్నారట, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారట. నా పెళ్ళిలో కుండ మూత తియ్యగానే నాకంటే ముందు ఆవిడే తలుపు వెనక పీట ఎక్కి, కళ్ళు మూసుకుని నిలబడ్డారట. మీరు నవ్వింది నన్ను చూసి కాదట. "ఆడు నన్ను సూసి నవ్వినాడే. నిన్ను కాదు."

ఏమండీ, ఒట్టు ఒట్టే. అమ్మకి వేసిన ఒట్టు అసలే పెద్దది. కానీ నిన్ను చూసి నవ్వలేదు అని ఒక్క మాట అనడానికి ఏ ఒట్టు అడ్డొచ్చింది? పొట్లకాయ సంగతి దాచుకోండి. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నేను మీ పక్కన హాయిగా పడుకునేదాన్ని. నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది. కానీ ఆ ముల్లు మాత్రం ఊడింది, అబద్ధం చెప్పను.

పదమూడున పొద్దున్న వడ తినాలని ఉందన్నారు. మినప్పప్పు రుబ్బి నాలుగు వేశాను. ఒకటి తుంచి, వేడి ఊది, నోట్లో పెట్టాను. చాలాసేపు నమిలారు. రుచి తెలియదు ఆవిడకి. ఉప్పుకషాయం నీళ్ళలా తాగిన నాలుక అది. నమిలి, మింగి, నా వైపు చూసి, "బాగుందే" అన్నారు. ఇంకో ముక్క అడిగి మళ్ళీ అన్నారు. రుచి ఉన్నన్నాళ్ళూ బాగాలేదన్నారు, రుచి పోయాక బాగుందన్నారు. నేను వంటగదిలోకి వచ్చి మిగిలిన మూడు వడలూ నిలబడే తినేశాను. ఏడుస్తూ తిన్నాను. బాగానే ఉన్నాయండీ. ఎప్పుడూ బాగానే ఉండేవి.

పద్నాలుగున ఉదయం తొమ్మిదింటికి మీ అమ్మ వెళ్ళిపోయారు. సిరి పాదాలు పట్టుకుని కూచుంది, నేను తల దగ్గర ఉన్నాను. తీసుకెళ్ళడానికి తెల్ల ముసుగుల పిల్లలు వచ్చారు, ఎవరి పిల్లలో పాపం. శ్మశానంలో బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. కొడుకు ఎక్కడ అని ఒకాయన అడిగాడు. నేను కుండ భుజాన పెట్టుకున్నాను. ఆడదానివి, కూడదు అనడానికి అక్కడ మనవాళ్ళు ఎవరూ లేరు. ఉన్నా ఆగేదాన్ని కాదు. మీకు కబురు పంపలేదని కోపం పెట్టుకోకండి. పంపితే మీరు వచ్చేవారు. వంతెన దగ్గర మీ కోసం ఇప్పటికీ ఫొటో పట్టుకుని కూచున్నారు. ఒకే వారంలో రెండు కుండలు మొయ్యడం నా వల్ల కాదు.

అందుకని అమ్మని మీ దగ్గరికి పంపుతున్నాను. మీ పక్కనున్నది ఆవిడే. కుండ ట్వంటేదే, మీ మొదటి ఉత్తరం వచ్చిన కుండ. పడవలో ఒడిలో పెట్టుకుని తెస్తానని కన్నారావు మాట ఇచ్చాడు.

మొల్మేన్ వెళ్ళడం లేదు. అన్నకి చెప్పేశాను. పదకొండు రోజులూ అయ్యాక మళ్ళీ మూకుడు పెట్టాను. కన్నారావు చేతిలో విడిగా పొట్లం ఉంటుంది, అందులో పది వడలున్నాయి. పెట్టె ఖాళీగా ఉంది, దానికి కొత్త తెర కొట్టను. మీరు అడిగిన దానికి నా జవాబు ఇది, రెండూ వద్దు. పసిరిక పాదు మీదే ఉంటుంది. సిరి పొద్దున్నే దానికి కనబడేలా కూచుని లెక్కలు చేస్తోంది. దూస్తానంటే నేను వద్దననూ లేదు, దుయ్యమననూ లేదు. దాని చెయ్యి, దాని పాము.

ఇంక అమ్మని ఎక్కడ కలపాలో తేల్చాల్సి ఉంది. ట్వంటే కాలవలోనా, పెద్ద నదిలోనా, లేకపోతే ఈ రోజులు పోయేదాకా ఉంచి, ఎప్పటికైనా శ్రీకాకుళం తీసుకెళ్ళి సముద్రంలోనా. కుండ పక్కన కూచుని మీరు ఏం రాయబోతున్నారో నాకు తెలుసు. ఆ రెండు మాటలు రాయకండి. ఈసారి నా ఇష్టం కాదు. మీరే తేల్చి, ఏం తేల్చారో ఒక్క ముక్క రాసి పంపండి.

మీ,
మణి.